నీతులు రోగులకు, గోప్యత ఆసుపత్రులకు

న్యుమోనియా, మూత్రనాళ ఇన్ఫెక్షన్ల వంటి వ్యాధులపై యాంటీబయాటిక్స్ ప్రభావం తగ్గిపోతోందని, వాటిని ఇష్టారాజ్యంగా వాడటమే ఇందుకు కారణమని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నివేదికను ఉటంకిస్తూ ప్రధానమంత్రి 2025 డిసెంబరు ‘మన్ కీ బాత్’లో ప్రజలను హెచ్చరించారు. హెచ్చరిక సబబే. అయితే ఏటా నవంబరులో జరిగే యాంటీబయాటిక్ అవగాహన వారోత్సవాల్లో వినిపించే ఉపన్యాసాల మాదిరిగానే ఇదీ మందుల దుకాణం ముందు నిలబడ్డ సామాన్యుడి దగ్గరే ఆగిపోయింది. ఆసుపత్రిలో చేరేనాటికి లేని మూత్రనాళ ఇన్ఫెక్షన్‌, అక్కడ వేసిన క్యాథటర్ (మూత్రం బయటకు పంపే పైపు) వల్ల అంటుకుంటే, అందులో రోగి చేసిన తప్పేమిటో చెప్పేవారు లేరు.

ఆపరేషన్ కోసమో, ఐసీయూలో మూత్రం కొలవడానికో వేసిన పైపు లోపల ఉన్న ఒక్కో రోజుకూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే ముప్పు 3 నుంచి 7 శాతం వరకు ఉంటుంది. అది పైపు గోడలపై జిగట పొర కట్టుకుని తిష్ఠవేశాక మందు దాన్ని చేరడం కష్టం. అప్పుడు పైపు మార్చకుండా మందులు మారుస్తూ పోవడమంటే మొండి బ్యాక్టీరియాను పెంచి పోషించడమే. జ్వరం, నొప్పి వంటి లక్షణాలేవీ లేకున్నా కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియాను గుర్తించే పరీక్ష) రిపోర్టు చూసి ఇంజెక్షన్లు మొదలుపెట్టడం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, వైద్య మార్గదర్శకాలకే విరుద్ధం. పైపును శుభ్రమైన చేతులతో అమర్చడం, సంచిని మూత్రాశయం కంటే దిగువన, నేలకు తగలకుండా ఉంచడం, పైపు ఇంకా అవసరమా అని ప్రతి రోజూ ప్రశ్నించుకుని అక్కర్లేదంటే తీసేయడం: వీటిలో దేనికీ కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు.

ఈ అలసత్వానికి మూల్యం చిన్నది కాదు. ఐసీఎంఆర్ పర్యవేక్షణలోని ఆసుపత్రుల నమూనాల్లో 2017లో 81 శాతం ఈ.కోలై (మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు ప్రధాన కారణమైన బ్యాక్టీరియా) బలమైన యాంటీబయాటిక్ అయిన ఇమిపెనెమ్‌కు లొంగగా, 2023 నాటికి అది 63 శాతానికి పడిపోయింది. మరో బ్యాక్టీరియా క్లెబ్సియెల్లా పరిస్థితి ఇంకా దారుణం. ఢిల్లీలో చికిత్స పొంది 2008లో స్వీడన్ చేరిన రోగి మూత్రంలో తొలిసారి గుర్తించిన, బలమైన యాంటీబయాటిక్స్‌నూ విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ ఎన్‌డీఎం-1 కూడా క్లెబ్సియెల్లాలోనిదే. దానికి ‘న్యూఢిల్లీ’ పేరు (ఎన్‌డీ) పెట్టారని 2010లో మన పాలకులు గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు మండిపడ్డారు. పేరు మీద చూపిన ఆ పట్టుదల వార్డుల మీద చూపలేదు.

ఇన్ఫెక్షన్ల లెక్కలు బయటపెడితే విషమ స్థితిలోని రోగులను చేర్చుకునే పెద్ద ఆసుపత్రులకు అన్యాయం జరుగుతుందని యాజమాన్యాలు అంటాయి. రోగుల తీవ్రతను బట్టి లెక్కను సవరించే పద్ధతులు ఉన్నాయి. అమెరికాలో ఆ వివరాలు ఎవరైనా చూడవచ్చు. 2008 అక్టోబరు నుంచి అక్కడ వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్, ఆసుపత్రి అంటించిన ఈ క్యాథటర్ ఇన్ఫెక్షన్‌కు అదనపు సొమ్ము చెల్లించడం మానేసింది. మన దగ్గర ఆసుపత్రుల నాణ్యతకు ముద్ర వేసే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు కోసం ఆసుపత్రులు ఇదే లెక్క కడతాయి. లెక్క ఉంది, చూసే హక్కు రోగికి లేదు!

దాపరికం ఆసుపత్రులతోనే ఆగలేదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు దశాబ్దాలుగా వాడుతున్న సిప్రోఫ్లాక్సాసిన్, పటాన్‌చెరు ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో రోగి రక్తంలో ఉండే మోతాదును మించి ఉందని 2007లోనే పరిశోధకులు వెల్లడించారు. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్రం 2020లో ముసాయిదా తెచ్చింది. 2021 తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయమయ్యాయి. పరిశ్రమకు మినహాయింపు, ఆసుపత్రికి గోప్యత, రోగికి మాత్రం నీతిబోధ.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ బిల్లులు చెల్లిస్తున్నది ప్రజల సొమ్ముతోనే. ప్రతి వెయ్యి క్యాథటర్ రోజులకు (రోగులకు పైపు ఉన్న రోజుల మొత్తం) ఎన్ని ఇన్ఫెక్షన్లు వచ్చాయో ఏటా ప్రకటించని ఆసుపత్రికి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఆ సొమ్ము ఇవ్వబోమని చెప్పడానికి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు కొత్త చట్టం అక్కర్లేదు. ఆ ఒక్క షరతు పెట్టే ధైర్యం లేనప్పుడు, చీటీ లేకుండా మాత్ర కొన్నాడని పేదవాడిని గద్దించడం కట్టిపెట్టాలి.