20 నిమిషాల్లో తాజా పాస్తా అను మహా సత్యం

ఇంట్లో తాజా పాస్తా చేసుకోవడానికి 20 నిమిషాలు చాలు. ఇది నా మాట కాదు. వంటల వీడియోల్లో తెల్ల చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వే పెద్దలందరి ఏకగ్రీవ తీర్మానం. పదార్థాలు కూడా రెండే: మైదా, గుడ్లు. 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు. ఇంత చిన్న లెక్క తెలిశాక కూడా ప్యాకెట్ పాస్తా కొనుక్కునేవాళ్ళు ఉన్నారంటే, వాళ్ళ పెంపకం గురించి ఆలోచించాల్సిందే.

(ప్యాకెట్ పాస్తా తక్కువ జాతిదేం కాదు. ఎండు పాస్తాకి దురుమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వే వాడాలని ఇటలీ 1967లో చట్టం చేసుకుంది. అది వేరే పిండి, వేరే వస్తువు. కానీ వీడియో పెద్దలు ప్యాకెట్ చూపించేటప్పుడు పెట్టే మొహం చూస్తే ఈ మాట చెప్పే ధైర్యం చాలదు.)

ముందు ఆ 20 నిమిషాలు చూద్దాం. పిండి పిసకడానికి 10 నిమిషాలు. తర్వాత మూత పెట్టి కనీసం అరగంట వదిలేయాలి. లేకపోతే పిండికి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ బిగుసుకుపోయి, ఒత్తిన రేకు ఒత్తినట్టే వెనక్కి ముడుచుకుంటుంది. అంటే 20 నిమిషాల వంటలో విశ్రాంతికే అరగంట. ఈ గణితం మింగుడుపడనివాళ్ళు ఒకటి గమనించాలి. విశ్రాంతి తీసుకునేది పిండి, మనం కాదు. ఆ అరగంటా మనం గట్టు మీద ఎండిపోయిన గుడ్డుసొనని గోటితో గీకుతూ ఉంటాం. కాబట్టి అది లెక్కలోకి రాదు.

గట్టు మీదికి గుడ్డు ఎలా వచ్చిందంటారా? గిన్నె వాడకూడదు కాబట్టి. గిన్నె అనే వస్తువు పుట్టి వేల ఏళ్ళయింది. లోపల పోసినది పక్కకి పోకుండా ఆపుతుందని దానికి మంచి పేరు కూడా ఉంది. అయినా మొదటిసారి పాస్తా చేసేవాళ్ళు దాన్ని ముట్టరాదు. పిండిని గట్టు మీద కుప్పగా పోసి, నడుమ గుంట చేసి, అందులో గుడ్లు కొట్టాలి. ఇటలీలో అలాగే చేస్తారు, నిజమే. అక్కడ వెడల్పాటి చెక్కబల్ల ఉంటుంది, ఏళ్ళ తరబడి అదే పని చేసిన చేతులుంటాయి. మనకి రెండూ లేవు. వీడియో ఉంది.

ఫోర్కుతో గుడ్లు గిలక్కొడుతూ, లోపలి అంచు నుంచి కొంచెం కొంచెంగా పిండి కలుపుకోవాలి. కాసేపు అంతా దివ్యంగా సాగుతుంది. తర్వాత పిండి గోడ మీద ఒకచోట సన్నగా చెమ్మ గీత కనిపిస్తుంది. పక్క నుంచి కాస్త పిండి తోసి దాన్ని పూడుస్తారు. తీసినచోట గోడ పలచబడుతుంది. సొన ఇంతసేపూ దానికోసమే కాచుకుని కూర్చున్నట్టు ఒక్క ఉదుటున బయటపడుతుంది. తెల్లసొన ముందు, పచ్చసొన వెనక, రెండూ గట్టు అంచుకేసి బయల్దేరతాయి. తెల్లసొనకి ఎప్పుడూ ఎక్కడికో అర్జంటుగా వెళ్ళాల్సిన పని ఉంటుంది. రెండు అరచేతులూ అడ్డం పెట్టి ఆనకట్ట కడతారు. ఆనకట్ట నిలుస్తుంది, కట్టిన ఇంజనీరు ఇరుక్కుపోతాడు. చేతులు తీస్తే వరద, తీయకపోతే పని సాగదు. సరిగ్గా అప్పుడే ఫోన్ తెర ఆరిపోతుంది. వేళ్ళకి జిగురు, మణికట్టుకి సొన. మోచేత్తో నొక్కితే వీడియో పోయి బీమా ప్రకటన మొదలవుతుంది. భవిష్యత్తు గురించి ఆలోచించారా అని అడుగుతుంది. చివరికి ముక్కుతో తోసి ప్రకటన దాటేసరికి, అక్కడ పెద్దాయన గట్టు తళతళలాడుతోంది. చొక్కా మీద నలుసు లేదు. చేతిలో నున్నటి ముద్ద. చూశారా, ఎంత ఈజీయో అంటున్నాడు.

మధ్యలో ఏం జరిగింది? వీడియోకి కత్తెర పడింది, అంతే.

ముద్ద ఎలా ఉండాలన్నదానికి కూడా కొలత చెప్పారు: చెవి తమ్మెంత మెత్తగా. ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో చెవి పట్టుకుని వంటింట్లో నిలబడ్డ మనిషిని చూస్తే గుంజీలకి సిద్ధమైనట్టే ఉంటుంది. ఇక ‘00’ పిండే కావాలన్న షరతు ఒకటి. ఇటలీలో ఆ సున్నాలు, పిండిని కాలిస్తే మిగిలే బూడిద శాతం ఎంత తక్కువో చెప్పే గ్రేడు. పాస్తాకి పనికొస్తుందా లేదా అన్నది అవి చెప్పవు. మామూలు మైదాతో శుభ్రంగా వస్తుంది.

1957 ఏప్రిల్ 1న బీబీసీ, స్విట్జర్లాండులో ఒక కుటుంబం చెట్ల నుంచి స్పగెట్టి కోస్తున్నట్టు చూపించింది. ఆ చెట్టు ఎలా పెంచాలని జనం ఫోన్లు చేస్తే, టమాటా సాస్ డబ్బాలో ఒక స్పగెట్టి రెమ్మ గుచ్చి దేవుడి మీద భారం వేయమన్నారు. ఇప్పటి వీడియోల కంటే అది నిజాయితీ గల వంట. కనీసం తేదీ చూస్తే తెలిసిపోయేది.

ఇదంతా నవ్వుకుని వదిలేయొచ్చు. నేను వదల్లేనిది చివర్లో గొంతు తగ్గించి చెప్పే మాట. అసలు రహస్యం ప్రేమట. ఇటలీ అమ్మమ్మలు పిండిలో ప్రేమ కలిపేవారట. ప్రేమ కాదు బాబూ, భుజం. ఇటలీలోని బొలోన్యా నగరంలో చేత్తో పాస్తా రేకు ఒత్తే ఆడమనిషిని స్ఫోల్యీనా అంటారు. పొడవాటి కర్రతో, అవతలి వెలుతురు కనిపించేంత పలచగా ఒత్తుతారు. అది నేర్చుకుంటే వచ్చిన పని. నడుము పట్టేసే పని. దాన్ని ప్రేమ అనేస్తే కూలి ఇవ్వక్కర్లేదు, సెలవు ఇవ్వక్కర్లేదు, కాసేపు కూర్చోమ్మా అని కూడా అనక్కర్లేదు. పని అని ఒప్పుకుంటే ఎన్ని గంటలని అడగాలి. ఆ ఊళ్ళోనే 1972లో టాలియాటెల్లె అనే రిబ్బను పాస్తా వెడల్పు ఇంతేనని బంగారు నమూనా చేసి వాణిజ్య మండలిలో భద్రపరిచారు. ఉడికాక 8 మిల్లీమీటర్లు, అంటే ఆ ఊరి అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు. గోపురాన్ని కొలవడానికి ఓపిక ఉంది. ఇంట్లో బల్ల ముందు నిలబడ్డ మనిషి గంటలు లెక్కపెట్టడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. ఇప్పుడు ఈ తెల్ల చొక్కావాడు కూడా సరిగ్గా అక్కడే కత్తెర వేస్తున్నాడు, పిసికే చోట, కడిగే చోట. సిగ్గుండాలి.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఉడకడం మాత్రం వాళ్ళు చెప్పినట్టే జరుగుతుంది. మరిగే ఉప్పునీళ్ళలో 2-3 నిమిషాలు, అంతే. అందుకే వీడియోలో ఆ ముక్క ఒక్కటీ కోయకుండా ఉంచుతారు, ఆవిరి అందంగా కనపడుతుంది కూడా. మిగతాది కూడా అలాగే ఉంచండి. గోడ తెగడం, రేకులు ఒకదానికొకటి అంటుకోవడం, ఒత్తే మిషన్ని నీళ్ళతో కడగకూడదని తెలిసి ఎండిన పిండిని బ్రష్షుతో దులపడం, అన్నీ చూపించండి. గంటన్నర పడితే గంటన్నర అనే పైన రాయండి.