పక్క తడిపే బిడ్డకు కావలసింది వైద్యం, వాత కాదు

ఏడెనిమిదేళ్ల బిడ్డ రాత్రిపూట పక్క తడిపితే మన ఇళ్లలో తెల్లవారేది తిట్లతోనే. కొన్నిచోట్ల దెబ్బలు, ఇంకొన్నిచోట్ల వాతలు. జ్వరం వస్తే ఆస్పత్రికి పరుగెత్తే తల్లిదండ్రులు ఈ సంగతి మాత్రం గుట్టుగా దాచుకుంటారు. ఆ గుట్టు భారమంతా మోసేది బిడ్డే.

ఐదేళ్ల పిల్లల్లో సుమారు 15 శాతం మందికి ఈ ఇబ్బంది ఉంటుంది. మూత్రాన్ని తగ్గించే హార్మోను రాత్రివేళ చాలినంత ఊరకపోవడం, మూత్రాశయం నిండినా మెలకువ రాకపోవడం, మలబద్ధకం వంటివి ఇందుకు కారణాలు. తల్లిదండ్రులిద్దరికీ చిన్నతనంలో ఇదే ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం 70 శాతం దాటుతుంది. చెయ్యెత్తుతున్న తండ్రి తన తల్లిని ఒక్కమాట అడిగి చూడాలి. బద్ధకంతోనో మొండితనంతోనో పక్క తడిపే పిల్లలు ఉండరు.

పేద కుటుంబాల్లో ఇది ఎక్కువని కొన్ని అధ్యయనాలు తేల్చాయి. కొన్నింటిలో ఆ తేడా కనిపించలేదు. ఆ వాదన ఎలా ఉన్నా, ఒకే ఇబ్బంది ఇంటిని బట్టి ఎంత బరువెక్కుతుందో మనకు తెలుసు. విజయవాడలో మొగల్రాజపురం, గుణదల కొండవాలు ఇళ్లనే చూడండి. ఒక్క గదిలో నలుగురు ఒకే బొంత మీద పడుకుంటే, ఒకరు తడిపినా అందరూ లేవాలి. తెల్లారకముందే పనికి బయలుదేరే తల్లి ఆ బొంతను ఎప్పుడు ఉతకాలి, వానాకాలంలో ఎక్కడ ఆరేయాలి? మరుగుదొడ్డి బయట ఉంటే చీకట్లో బిడ్డ ఒంటరిగా వెళ్లగలదా? పడుకోవడానికి రెండు గంటల ముందే నీళ్లు ఆపమంటారు వైద్యులు. గుంటూరు మిర్చి యార్డులో పని ముగించుకుని పొద్దుపోయాక ఇల్లు చేరే దంపతులు పిల్లలకు అన్నం పెట్టేదే ఆ వేళకు! తడి తగలగానే మోగే అలారం మంచి చికిత్సే, కానీ ఒక్క గది ఇంట్లో అది ఇంటిల్లిపాదినీ లేపుతుంది. చికిత్స చెప్పేవారు ముందు ఆ ఇల్లు ఎలాంటిదో అడగాలి.

ఆరు నెలలకు పైగా ఈ ఇబ్బంది లేని బిడ్డ మళ్లీ పక్క తడపడం మొదలుపెడితే అసలు ఉపేక్షించరాదు. మధుమేహం, మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. ఇంట్లో తాగుడు, కొట్లాటలు కావచ్చు. ఎవరైనా ఆ బిడ్డపై అఘాయిత్యం చేసి ఉండవచ్చు కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినట్టు ఇల్లు చెదిరిపోయినప్పుడూ పిల్లల్లో ఇది కనిపించవచ్చు. బిడ్డను కొడితే, ఈ కారణాలేవీ బయటపడకుండా లోపలే ఉండిపోతాయి.

అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్లి పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు తల్లులను పక్కకు పిలిచి, బిడ్డ రాత్రిపూట పక్క తడుపుతుందా అన్న ఒక్క ప్రశ్న అడగాలి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల పిల్లల విభాగాలు ఇందుకోసం వారానికో పూట కేటాయించాలి. కూలికి పోయేవారు రాగలిగేలా అది సాయంత్రమైతే మేలు. అన్నిటికన్నా తొందరగా చేయవలసింది సంక్షేమ హాస్టళ్లలో. అక్కడ తల్లి ఉండదు, నవ్వే తోటివారు మాత్రం ఎందరో ఉంటారు. జూన్‌లో హాస్టళ్లు తెరిచేలోగా ప్రతి వార్డెన్ చేతికి రబ్బరు షీట్లు, అదనపు దుప్పట్లు అందాలి. మరుగుదొడ్లకు వెళ్లే దారిలో రాత్రంతా దీపం వెలగాలి. అందరి ముందు బిడ్డ చేత పక్క మోయించే వార్డెన్ మీద చర్య తీసుకోవాలి.