ర్యాంపు ఒకటే, వాలు మూడు రకాలు

భవనాల డిజైన్ చేసేవాళ్లకు 1:12 అన్న అంకె కంఠతా వచ్చు. అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండడుగుల పొడవు. మన జాతీయ భవన నియమావళైనా, అమెరికా వికలాంగుల చట్టం కింది ప్రమాణాలైనా చక్రాల కుర్చీ వెళ్లే ర్యాంపుకు పెట్టిన హద్దు ఇదే. భవనాల మోడల్ గీసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో ర్యాంపు టైపుకు ఈ అంకె ఇస్తే అంతకు మించి నిటారుగా గీయనివ్వదు. తిన్నని ర్యాంపుకైతే ఆ భరోసా చాలు. వంపు తిరిగిన ర్యాంపుకు చాలదు.

లోపలి వ్యాసార్ధం 3 మీటర్లు, వెడల్పు మీటరున్నర ఉన్న పావు వలయం తీసుకుందాం. వాలును సాధారణంగా నడుమ గీత వెంబడే లెక్కిస్తారు. దాని పొడవు సుమారు 5.9 మీటర్లు కాబట్టి, 1:12 చొప్పున 49 సెంటీమీటర్లు ఎక్కుతాం. లోపలి అంచు పొడవు 4.7 మీటర్లే. ఎక్కాల్సిన ఎత్తు మాత్రం తగ్గదు. అంటే అక్కడ వాలు 1:9.6, బయటి అంచున 1:14.4. డ్రాయింగ్ మీద 1:12 అని రాసుంటుంది, లోపలి రెయిలింగ్ పట్టుకుని నడిచే పెద్దాయన మాత్రం అన్నిటికంటే నిటారు దారిలో ఎక్కుతుంటాడు. పైగా మెలి తిరిగిన తలం మీద కుర్చీ నాలుగు చక్రాలూ ఒకేసారి నేలకు ఆనవు. చిన్న వ్యాసార్ధపు వంపు ర్యాంపులు స్వభావరీత్యానే ప్రమాణాలకు అందవని అమెరికా నిబంధనల వ్యాఖ్యలోనే ఉంది.

ఇంత చిక్కున్న చోట సాఫ్ట్‌వేర్ ఇచ్చే సాయం తక్కువ. రెవిట్‌లో మెట్లకు 2013 వెర్షన్‌లో కొత్త పద్ధతి వచ్చింది. ఒరిగిన గోడలు 2021లో వచ్చాయి. ర్యాంపుకు మాత్రం ఆ భాగ్యం పట్టలేదు. అందుకే చేయి తిరిగినవాళ్లు ర్యాంపు కమాండ్ జోలికి పోకుండా ఫ్లోర్ గీసి వాలుస్తారు. వాలు ఎటో చూపే బాణం (స్లోప్ యారో) వేస్తే వచ్చేది మెలి లేని చదును పలక. చుట్టు తిరగాలంటే అంచు బిందువులు ఒక్కొక్కటీ ఎత్తాలి, అప్పుడు తలం త్రికోణాలుగా విరుగుతుంది.

ర్యాంపు పక్కన కట్టే పిట్టగోడ దగ్గర అవస్థ ఇంకా ఎక్కువ. రెవిట్‌లో తిన్నని గోడకు ప్రొఫైల్ (ఎదురుగా చూస్తే కనిపించే ఆకారం) మార్చి పై అంచును వాలుగా కోయొచ్చు, వంపు గోడకు ఆ వీలే లేదు. గోడ ఫ్లోర్‌కు, రూఫ్‌కు అతుక్కుంటుంది గానీ ర్యాంపుకు అతుక్కోదు. విసిగిపోయి రెయిలింగ్‌గా గీసేస్తే బొమ్మ చక్కగానే ఉంటుంది, ఆ కాంక్రీటు మాత్రం గోడల పట్టికలోకి రాదు. బిల్లు వేసేటప్పుడు గొడవ మొదలయ్యేది ఇక్కడే.

మరో 3డి మోడలింగ్ సాఫ్ట్‌వేర్ స్కెచప్‌ది ఇంకో కథ. అక్కడ వలయమంటే, మనం మార్చకపోతే, 24 భుజాల ఆకారం. నాలుగున్నర మీటర్ల వ్యాసార్ధం దగ్గర ఒక్కో భుజం మధ్యలో అసలు వంపుకు దాదాపు 4 సెంటీమీటర్లు లోపలికి పడుతుంది. 96 భుజాలు పెడితే తేడా రెండున్నర మిల్లీమీటర్లలోపే. ముందుగానే మార్చుకోవాల్సిన ఈ అంకెను చాలామంది పట్టించుకోరు. ఆ మోడల్ నుంచే సెంట్రింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) కొలతలు తీస్తే సైటులో మేస్త్రీ తిట్టేది మనల్నే. అసలే మెలి తిరిగిన తలం మీద ప్లైవుడ్ షీటు చాపలా పరుచుకోదు, సన్నని పలకలు పక్కపక్కనే వేసుకుంటూ పోవాలి. కంప్యూటర్ ఊసే లేకుండా కట్టి 1959లో తెరిచిన న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలోనూ వంపు గోడలకు ప్లైవుడ్ అచ్చుల మీదే కాంక్రీటు చిమ్మారు.

నన్నడిగితే జనం నడిచే ర్యాంపులు తిన్నగానే ఉండాలి, వంపు సరదా పక్క గోడతో తీర్చుకోవచ్చు. తప్పదనుకుంటే లోపలి అంచునే 1:12కు కట్టేయాలి. పై లెక్కలో అప్పుడు నడుమ వాలు 1:15 అవుతుంది, అదే 49 సెంటీమీటర్లకు నడుమ గీత 7.4 మీటర్లు కావాలి. ఆ అదనపు మీటరున్నర స్థలం ఉందో లేదో ప్లాన్ గీసే రోజే చూసుకోవాలి. అనుమతికి పంపే డ్రాయింగ్ మీద లోపల, నడుమ, బయట మూడు వాలులూ రాయాలి.