రెండే రెండు బీర్లు: కెనడావారికి ఒక అభ్యంతర పత్రం

ప్రపంచంలో ఇన్ని అన్యాయాల మీద ఇందరు గొంతు చించుకుంటున్నారు కానీ, ఈ ఒక్కదాన్నీ ఎవరూ పట్టించుకోవడం లేదు. అమెరికాలో ఎప్పుడో ఒకసారి మందు కొట్టి కారు నడిపి దొరికిపోయిన పెద్దమనిషిని కెనడా లోపలికి రానివ్వదు. సొంతిల్లుంది, గ్రీన్‌కార్డుంది, కూతురు కూచిపూడి నేర్చుకుంటోంది, తెలుగు సంఘం సంక్రాంతి కమిటీలో పేరుంది. అయినా సరే, రానివ్వదు.

ఈ అవమానం ఎక్కువగా నయాగరా దగ్గర అమెరికానీ కెనడానీ కలిపే రెయిన్‌బో బ్రిడ్జి మీద జరుగుతుంది. గుంటూరు నుంచి అత్తమామలు వచ్చారు. "అమెరికా వైపు నుంచి ఏం కనపడుతుంది మావయ్యా, అసలు అందమంతా కెనడా వైపు నుంచే" అని అల్లుడు నెల రోజులుగా ఊదరగొట్టాడు. వాళ్లకి కెనడా వీసాలు కూడా తెప్పించాడు. గ్రీన్‌కార్డు ఉన్నవాడికి వీసా అక్కర్లేదు కాబట్టి తన సంగతి ఆలోచించలేదు. బూత్ దగ్గర అద్దం దించాడు. ఆఫీసరు కంప్యూటర్ వైపు చూసి, చాలా మర్యాదగా, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడిగాడు. వెనక సీట్లో పులిహోర డబ్బా మూత తీస్తున్న అత్తగారి చెయ్యి అక్కడే ఆగింది. "ఏమంటున్నాడమ్మా?" అని మావగారు కూతుర్ని అడిగారు. అత్తగారు అడగలేదు. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు.

లోపలి గదిలో గంటసేపు కూర్చోబెట్టి చివరికి ఒక కాగితం చేతిలో పెడతారు. కెనడా విడిచి వెళ్లడానికి అనుమతించాం అని దాని సారాంశం. చూడని దేశం నుంచి వెళ్లిపోవడానికి రాతపూర్వకంగా అనుమతి! ఇక వీసాలున్న అత్తమామలు, వాళ్ల కూతురు నడిచి వంతెన దాటి జలపాతం చూసి రావచ్చు. అల్లుడు ఇవతలి పార్కింగ్‌లో కారుకి కాపలా ఉండవచ్చు.

ఈ వ్యవహారం ఇంతగా ముదిరింది 2018 డిసెంబర్ 18న. ఆ రోజు నుంచి కెనడాలో తాగి నడిపితే పడే గరిష్ఠ శిక్ష ఐదేళ్ల నుంచి పదేళ్లకి పెరిగింది. దాంతో అది వలస చట్టం లెక్కలో తీవ్ర నేరమై కూర్చుంది. రెండు నెలల ముందే, అక్టోబర్ 17న, ఇదే ప్రభుత్వం గంజాయికి తలుపులు బార్లా తెరిచింది. "అమెరికాలో ఇది చిన్న కేసే సార్" అంటే వినరు. మీ దగ్గర దాన్ని ఏమన్నా అనుకోండి, మా చట్టంలో ఏమవుతుందో మేం చూసుకుంటాం అంటారు. ప్రాయశ్చిత్తం లేకపోలేదు. ప్రొబేషన్‌తో సహా శిక్ష మొత్తం పూర్తయ్యాక ఐదేళ్లు ఆగి, వెయ్యి డాలర్ల పైచిలుకు కట్టి, నేను మారాను మహాప్రభో అని దరఖాస్తు పెట్టుకోవాలి. తొందరైతే రెండొందల పైచిలుకు కట్టి తాత్కాలిక పర్మిట్ అడగొచ్చు. ఇస్తే ఇస్తారు. తిరుమలలో గుండు కొట్టించుకుంటే పైసా తీసుకోరు, పోలీసు రికార్డూ అడగరు.

మా వాదనకి పెద్దల ఆచారం కూడా ఉంది. 1976లో మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌పోర్ట్‌లో జార్జ్ డబ్ల్యూ బుష్ ఇదే కేసులో దొరికి 150 డాలర్ల జరిమానా కట్టారు. 2000 ఎన్నికలకి ఐదు రోజుల ముందు సంగతి బయటపడింది. అయినా అధ్యక్షుడయ్యారు, 2001 ఏప్రిల్‌లో శిఖరాగ్ర సదస్సుకి క్యూబెక్ నగరం వెళ్లొచ్చారు కూడా. 2018 కొత్త చట్టానికి ముందు, ఒకే ఒక్క పాత కేసైతే పదేళ్లకి దానంతటదే మాసిపోయేది. కొత్త చట్టం వచ్చాక చేసిన తప్పులకి ఆ సౌకర్యం కూడా పీకేశారు.

అమెరికా మాత్రం తక్కువ తిందా? వీసా మీద ఉన్నవాడు డీయూఐలో, అంటే తాగి నడిపిన కేసులో, అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేయొచ్చని 2015 నుంచి కాన్సులేట్లకి ఆదేశం ఉంది. ఉద్యోగం చేసుకుంటూ ఉండొచ్చు. దేశం దాటితే మాత్రం మళ్లీ వీసా, దానికి ముందు డాక్టరు పరీక్ష. అందుకే చెల్లెలి పెళ్లికి రాలేకపోతున్న అన్నయ్యలు ఎక్కువయ్యారు. "ప్రాజెక్టు రిలీజ్ ఉందమ్మా" అంటారు ఫోన్లో. ఆ రిలీజ్ మూడేళ్లుగా అవుతూనే ఉంది.

తాగి నడిపిన ఆ రాత్రి ఎదురుగా వచ్చిన కార్లలో ఎవరున్నారు, వాళ్లు ఇంటికి చేరారా అని కొందరు అడుగుతుంటారు. ప్రయాణ సౌకర్యాల గురించి మాట్లాడుకుంటుంటే మధ్యలో ఈ సెంటిమెంట్లు ఎందుకో అర్థం కాదు.

హైదరాబాద్‌లో ఊది దొరికి కెనడా పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, పెట్టుకునేవారికి మాత్రం ఒక చిన్న ఆశ ఉంది. మన చట్టంలో వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. వాళ్ల దగ్గర 80. ఈ రెంటి మధ్య దొరికినవాడు ఇక్కడ దోషి కానీ అక్కడి లెక్కలో కాదని వాదించొచ్చు. ఈ పాయింటు పట్టుకుని జూబ్లీహిల్స్ బావగారొకర్ని ఒడ్డున పడేద్దామని ఆయన కేసు కాగితాలు తెప్పించి చూశాం. 164 ఉంది. మిషన్ పాడైందని బావగారి అభిప్రాయం.