పోయింది అనండి, కొట్టేశారు అనకండి

సకర్మక క్రియ, అకర్మక క్రియ అంటూ తెలుగు మాస్టారు బోర్డు మీద రాస్తుంటే కిటికీలోంచి బయటికి చూసినవాళ్ళందరికీ ఆ పాఠం మళ్ళీ చెప్పే సంస్థ ఒకటుంది. దాని పేరు పోలీస్ స్టేషన్. బెంగళూరులో అయితే ఫీజు కూడా లేదు. ఒక ఫోను ఖర్చవుతుంది, అంతే.

శుక్రవారం రాత్రి మడివాళలో కడప బస్సెక్కే తోపులాటలో ప్యాంటు జేబులోని ఫోను మాయమైందనుకోండి. మీరు వెళ్ళి "నా ఫోను కొట్టేశారు సార్" అంటారు. ఇది సకర్మకం. కొట్టేసినవాడు ఒకడు ఉండి తీరాలి, వాణ్ణి వెతకాలి, కేసు కట్టాలి, నెలాఖరు మీటింగులో ఆ స్టేషన్ దొంగతనాల గడిలో అంకె ఒకటి పెరగాలి. బల్ల వెనక కూర్చున్న రైటర్ మీ వాక్యాన్ని ఓపిగ్గా దిద్దుతాడు: "పోయింది అని రాయండి." ఇప్పుడు అకర్మకం. ఫోనే కర్త. దానంతటది లేచి వెళ్ళిపోయింది, దాని ఇష్టం.

అదృష్టం బాగుండి బాగేపల్లి వైపు నుంచో చింతామణి వైపు నుంచో వచ్చిన కానిస్టేబుల్ తగిలితే పాఠం మన భాషలోనే సాగుతుంది. "యాడ పోగొట్టుకుంటివప్పా?" అంటాడు ఆప్యాయంగా. ఆ ఆప్యాయతలో పడి మనం గమనించం గానీ, అది మూడో మెట్టు. దొంగ కర్తగా బయల్దేరిన వాక్యం ఫోను మీదుగా ప్రయాణించి మీ దగ్గర ఆగింది. ఇప్పుడు కర్త మీరే. నేరం జరిగిన గంటలోపే బాధ్యుణ్ణి గుర్తించిన ఘనత ఏ దేశపు పోలీసులకుందో చెప్పండి.

ఈ క్రియాపదం ఖరీదు కూడా తక్కువేం కాదు. ఫోనుకు బీమా ఉంటే చాలా పాలసీల్లో దొంగతనానికే డబ్బొస్తుంది, పోగొట్టుకుంటే రాదు. పోయిన వస్తువుల కోసం కర్ణాటక పోలీసుల ఈ-లాస్ట్ సదుపాయం ఆన్‌లైన్‌లో ఉంది. పేరు, మొబైల్ నంబరు, ఏం పోయింది, ఎక్కడ, ఎప్పుడు అని నింపితే రసీదు చేతికొస్తుంది. స్టేషన్ మెట్లెక్కే పనే లేదు. డ్రైవింగ్ లైసెన్సో మార్కుల మెమోనో నిజంగా ఎక్కడో జారిపోతే ఇంతకన్నా హాయి లేదు, ఇది వెటకారం కాదు. కానీ అది పోయినవాటికే, దొంగతనాలకు కాదు. దొంగ లాక్కెళ్ళిన ఫోనును అందులో "పోయింది" అని నింపితే దొంగ నిర్దోషి, మీరు తప్పుడు సమాచారం ఇచ్చినవారు.

చట్టం మాత్రం వ్యాకరణం జోలికి పోలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం కాగ్నిజబుల్ నేరం, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం గురించి చెబితే రాసుకోవాలి, దాని కాపీ ఫిర్యాదీకి ఉచితంగా ఇవ్వాలి. పాత చట్టంలో ఇది 154. ఎఫ్‌ఐఆర్ కట్టడం తప్పనిసరి అని 2013లోనే లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం తేల్చింది. ఇదంతా మీరు కౌంటర్ దగ్గర అప్పజెప్పవచ్చు. రైటర్ శ్రద్ధగా వింటాడు. విన్నాక "లాయరా?" అని అడుగుతాడు. కాదంటే మళ్ళీ మొదటి పాఠం.

దొంగిలించిన సొత్తు విలువ మీద కూడా కన్నేసి ఉంచాలి. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది: సొత్తు 5,000 రూపాయల లోపుదై, దొంగకు అది మొదటి నేరమై, వస్తువు వెనక్కిచ్చేస్తే శిక్ష సమాజ సేవ. 5,000 లోపు దొంగతనం నాన్ కాగ్నిజబుల్ కూడా. అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు ఉండదు. పదహారు వేలు పెట్టి మూడేళ్ళ కింద కొన్న ఫోనును "ఇప్పుడు దాని విలువెంత, నాలుగు వేలుంటుందా?" అని రైటర్ అడిగితే అది పాత సామాన్ల బేరం కాదని గ్రహించి, బిల్లు బల్ల మీద పెట్టండి.

ఇక పరిధి. బస్సు మడివాళలో ఎక్కారు, హొసకోటె దాటాక జేబు తడుముకున్నారు, తెల్లారి రాయచోటిలో దిగారు. ఫోను ఎక్కడ పోయింది? నగర పోలీసులదా, గ్రామీణ జిల్లాదా, ఆంధ్రాదా? మామూలు మనిషికి ఇది ఫోను కథ, స్టేషన్‌కు మాత్రం రాష్ట్రాల పునర్విభజన. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాలని అదే 173 చెబుతోంది. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. రాయచోటిలో ఇస్తే వాళ్ళు నంబరు ముందు సున్నా పెట్టి బెంగళూరుకు పంపాలి. ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ దారిలోని ఏ కోర్టయినా విచారించవచ్చని నాగరిక్ సురక్షా సంహితలోనే 203వ సెక్షన్ అంటోంది. బస్సులు కదులుతాయన్న సంగతి చట్టం రాసినవాళ్ళకు తెలుసు. ఆ సంగతి కౌంటర్‌కు ఇంకా అధికారికంగా అందినట్టు లేదు.

ఫిర్యాదు ఏ భాషలో రాయాలన్నది మన తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన చిక్కు. మారతహళ్ళి పీజీలో ఉండే కుర్రాడు తెలుగులో రాసిస్తే రైటర్ మొదటి రెండు లైన్లు కన్నడమే అనుకుని గడగడా చదివేస్తాడు. తలకట్టు దగ్గర అనుమానం వస్తుంది. తెలుగులో అది టిక్కు మార్కులా పైకి లేస్తుంది, కన్నడంలో అడ్డగీతలా పడుకుంటుంది. అందుకని ఇంగ్లీషులో రాయండి, కన్నడంలో రాయించుకుంటే మరీ మంచిది. రెండు ప్రతులు. రెండో ప్రతి మీద సీలు, తేదీ, అర్జీ నంబరు వేయించుకోనిదే కుర్చీలోంచి లేవకండి. సీలు లేని ఫిర్యాదు ఉత్తరం కూడా కాదు, ఉత్తరానికైనా స్టాంపు ఉంటుంది.

ఆ సీలు అడిగిన క్షణంలోనే ఈ ఊరి అసలు మంత్రం వినబడుతుంది. "సాహేబ్రు రౌండ్స్‌గె హోగిద్దారె, నాళె బన్ని." సారు రౌండ్స్‌కి వెళ్ళారు, రేపు రండి. 1990లలో ఈ నగరం చుట్టుపక్కల గోడల మీద "నాళె బా" అని రాసిపెట్టుకున్నారు. మనవైపు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసింది దాని తోబుట్టువే. రాత్రి తలుపు కొట్టే దయ్యం అది చదివి, సరే రేపొద్దాం అని వెళ్ళిపోతుంది, మర్నాడూ అదే చదువుతుంది. దయ్యం ఎప్పటికీ లోపలికి రాదు. ఇంత చవకైన శాంతిభద్రతల ఏర్పాటు ఇంకోటి కనిపెట్టలేదు కాబట్టి స్టేషన్‌లోనూ వాడుతున్నారు. చిన్న తేడా ఏమిటంటే, అప్పుడు తలుపు లోపల ఉన్నది మనం.

మంత్రానికి విరుగుడు ఉంది. 173 నాలుగో ఉపసెక్షన్: రాసుకోవడానికి నిరాకరిస్తే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపండి. కమిషనరేట్ ఉన్న బెంగళూరులో డీసీపీకి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్. స్పీడ్ పోస్టు రసీదు దాచుకోండి. ఫిర్యాదును ఎలక్ట్రానిక్‌గా పంపే వీలు కూడా చట్టంలో ఉంది, మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. ఆ సంతకానికి వెళ్ళినప్పుడు సారు రౌండ్స్‌లో ఉంటే ఏమవుతుందో చట్టం ఊహించలేదు.

ఫోను దొరకాలన్న దురాశ కూడా ఉన్నవాళ్ళు పోయిన ఫోన్లను పనిచేయకుండా ఆపే ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో దాన్ని బ్లాక్ చేయించాలి. దానికి ఫోను గుర్తింపు సంఖ్య ఐఎంఈఐ కావాలి: 15 అంకెలు, రెండు సిమ్‌ల ఫోనుకు రెండు నంబర్లు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే తెర మీద వస్తాయి, ఫోను చేతిలో ఉన్నప్పుడు. చేతిలో లేనివాళ్ళు అట్టపెట్టె వెతుక్కోవాలి, దాన్ని దీపావళికి అమ్మ పాత పేపర్లవాడికి వేసి ఉంటుంది. బిల్లు, గుర్తింపు కార్డు, ఫిర్యాదు కాపీ అప్‌లోడ్ చేశాక ఓటీపీ అడుగుతుంది. ఓటీపీ రావాలంటే అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ కావాలి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, మోసాలు జరగకుండా పెట్టిన నిబంధన అది. కాబట్టి ముందు సిమ్, తర్వాత స్టేషన్, మర్నాడు పోర్టల్. ఈ వరస తప్పినవాళ్ళు రాని ఓటీపీ కోసం ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని గంటకింత అని కడుతుంటారు.

పాస్‌పోర్టు వెరిఫికేషన్ దగ్గర పాఠం మారుతుంది: కాలాలు. "మీరు ఈ అడ్రసులో ఉంటున్నారా?" అన్నది వర్తమానం. మీరు ఆఫీసులో ఉండగా మధ్యాహ్నం పన్నెండుకు వచ్చి చూసి "ఉండటం లేదు" అని రాస్తే అదీ వర్తమానమే. ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలి కాబట్టి ఈ ఊళ్ళో అందరూ 11 నెలలే బతుకుతారు. పదకొండో నెలలో దరఖాస్తు పెడితే కానిస్టేబుల్ వచ్చేసరికి మీ నివాసం భూతకాలం. మీకోసం సంతకం పెట్టే ఇద్దరు పొరుగువాళ్ళను ముందే సిద్ధం చేసుకోండి, వాళ్ళ పేర్లేమిటో కూడా అప్పుడే తెలుస్తాయి. 36 పేజీల పాస్‌పోర్టుకు కట్టిన 1,500లోనే వెరిఫికేషన్ కలిసి ఉంది. గుమ్మంలో వినిపించే దగ్గు, గొంతు సవరింపు వగైరాలకు విడిగా రుసుము లేదు.

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే మాత్రం వ్యాకరణాలు పక్కనపెట్టి, స్టేషన్‌కు కాకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకోండి. డబ్బు ఖాతాలు మారకముందే ఆపించాలి. అక్కడ నిమిషాలే లెక్క.

కొన్నాళ్ళకు సీఈఐఆర్ పుణ్యమా అని ఎక్కడో మీ ఫోనులో ఎవరో కొత్త సిమ్ వేస్తారు, జాడ తెలుస్తుంది, నిజంగానే దొరుకుతుంది. తెలియని నంబరు నుంచి కాల్: "పోలీస్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాం." పోలీసులమని చెప్పి భయపెట్టే డిజిటల్ అరెస్టు మోసాల గురించి కాలర్ ట్యూన్‌లో నెలల తరబడి విన్న మీరు వెంటనే కట్ చేస్తారు. రెండోసారీ కట్ చేస్తారు. మూడోసారి ఎత్తితే అవతల ఆ రైటరే, ఫోను బల్ల మీద ఉంది, బిల్లూ, పోర్టల్ ఇచ్చిన రిక్వెస్ట్ ఐడీ పట్టుకుని ఇప్పుడే వచ్చి సంతకం పెట్టి తీసుకుపొమ్మంటాడు. మీరు బాసుతో మీటింగులో ఉంటారు.

"నాళె బర్తీని సార్."