12 వోల్టులే కదా అని ఏ వైరు పడితే ఆ వైరా?

బెజవాడలో కార్లున్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది: "కారుది 12 వోల్టులే, షాక్ కొట్టదు. ఇంట్లో మిగిలిన 1 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరు చాలు, దాని మీద వెయ్యి వాట్లు నడుస్తాయి. లావు వైరు వేస్తే బ్యాటరీ దిగిపోతుంది. ఫ్యూజు ఎగిరిపోతుంటే పెద్దది వెయ్యండి." ఇందులో షాక్ కొట్టదన్న మాట ఒక్కటే నిజం.

వైరును వేడెక్కించేది వోల్టులు కాదు, ఆంప్స్, అంటే అందులో పారే కరెంటు. ఇంట్లో 230 వోల్టుల మీద వెయ్యి వాట్లంటే నాలుగున్నర ఆంప్స్ కూడా ఉండవు. అంతే కరెంటుతో కారులో నడిచేది 52 వాట్లు. మామూలు హెడ్‌లైట్ బల్బు ఒక్కదానికే చాలదు.

అదనంగా రెండు 100 వాట్ల హాలోజన్ లైట్లు పెట్టారనుకోండి. (ఎదుటివాళ్ల కళ్లలో పొడుస్తాయి, ఆ గొడవ వేరు.) దాదాపు 17 ఆంప్స్ లాగుతాయి. బ్యాటరీ నుంచి స్విచ్ మీదుగా లైటు దాకా అయిదు మీటర్లు 1 స్క్వేర్ ఎమ్ఎమ్ లాగితే, దారిలోనే వోల్టున్నర పోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే హాలోజన్ వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. అంటే వంద వాట్లకు డబ్బులిచ్చి అరవై వాట్ల వెలుగు చూస్తున్నట్టు. 4 స్క్వేర్ ఎమ్ఎమ్ వేస్తే పోయేది వోల్టులో మూడో వంతు. మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టి దూరం తగ్గిస్తే ఇంకా మంచిది.

లావు వైరుకూ బ్యాటరీ దిగడానికీ సంబంధం లేదు. కరెంటు లాగేది లైటు. ఇంజన్ ఆపేసి లైట్లు వేసి ఉంచితే ఏ వైరున్నా దిగుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఆ ఫ్యూజు సలహా. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. నీలం రంగు 15 ఆంప్స్‌ది ఎగిరిపోతోందని ఆకుపచ్చ 30 వేస్తే, ఈసారి కాలేది వైరే. అసలే మే నెల ఎండ, బానెట్ కింద ఇంజన్ సెగ. మామూలు ఇంటి వైరు తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలే. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టించండి. లైటు దగ్గర పెడితే, మధ్యలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని కారు బాడీకి తగిలినా అది ఎగరదు.

ఆటోనగర్‌లో వైరు కొనేటప్పుడు ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. ఎర్రటి పూత లేచి లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం. అలాంటి 4 స్క్వేర్ ఎమ్ఎమ్, అసలు రాగి రెండున్నరతో సమానం.