యంత్రాల లెక్క సరే, హిమోగ్లోబిన్ లెక్కేదీ?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ రోగుల గురించి ఏ ప్రభుత్వం మాట్లాడినా అవే లెక్కలు చెబుతుంది. ఎన్ని డయాలసిస్ యంత్రాలు పెట్టాం, ఎన్ని సెషన్లు చేశాం, ఎంత పింఛను ఇస్తున్నాం అని. ఇవి చిన్న విషయాలేమీ కావు. కవిటి, సోంపేట జనం డయాలసిస్ కోసం విశాఖ దాకా పరుగెత్తిన రోజులు మనకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇంత జరిగినా, సెషన్ అయ్యాక బస్సు ఎక్కబోయిన మనిషి ఆయాసంతో మధ్యలోనే చతికిలబడుతుంటే, అతని హిమోగ్లోబిన్ ఎంతో ఎవరు చూస్తున్నారని అడగాల్సి వస్తుంది.

కిడ్నీలు మలినాలను వడకట్టడంతో సరిపెట్టవు. ఎర్రరక్తకణాలు తయారుచేయమని ఎముక మజ్జకు చెప్పే ఎరిత్రోపాయిటిన్ హార్మోన్ కూడా ప్రధానంగా వాటి నుంచే వస్తుంది. కిడ్నీలు చెడితే ఆ కబురు అందదు, రక్తహీనత వస్తుంది. యంత్రం ఈ లోటు తీర్చలేదు. పైగా నాలుగు గంటల సెషన్ చివర సెలైన్‌తో ట్యూబులు కడిగి రక్తాన్ని ఒంట్లోకి పంపినా, రక్తాన్ని వడకట్టే డయలైజర్ లోపల ఎర్రటి చారలు మిగిలే ఉంటాయి. ఆ కాస్తా, పరీక్షలకు తీసే రక్తం కలిపి ఏడాదికి రెండు గ్రాముల దాకా ఇనుము పోవచ్చు. మనిషి ఒంట్లో మొత్తం ఉండేదే మూడు నాలుగు గ్రాములు.

ఇంటి దగ్గర దీనికి చెప్పే మందు అందరికీ తెలిసిందే. రక్తం పట్టాలంటే ఖర్జూరాలు తిను, బీట్‌రూట్ రసం తాగు, దానిమ్మ గింజలు తిను. ఉద్దానంలోనైతే నీరసం అనగానే కొబ్బరి బొండం కొట్టిస్తారు. ప్రేమతోనే చెబుతారు. కానీ వీటన్నిటిలోనూ పొటాషియం బాగా ఉంటుంది. దాన్ని బయటికి పంపలేని ఒంట్లో అది గుండెనే ఆపేయగలదు. ఈ సంగతి డైటీషియన్ ఒకసారి చెప్పి వదిలేస్తే చాలదు. ఇంట్లో వంట చేసేవాళ్లకు నచ్చచెప్పాలి.

ఆసుపత్రిలో దొరికే సులువైన దారి రక్తం ఎక్కించడం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్పదు, కాదనం. కానీ అదే అలవాటైతే, ఎక్కించిన రక్తానికి రోగి ఒంట్లో యాంటీబాడీలు పుట్టవచ్చు. రేపు అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఎదురుచూసినా సరిపోయే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది. ఈ రోజు నీరసం తీర్చిన బాటిల్ రేపటి మార్పిడికే అడ్డుపడవచ్చన్న మాట.

అసలు మందు లేక కాదు. 1977లో షికాగో శాస్త్రవేత్త యూజీన్ గోల్డ్‌వాసర్, జపాన్‌లో రక్తహీనత రోగుల నుంచి సేకరించిన రెండున్నర వేల లీటర్ల మూత్రంలోంచి ఎరిత్రోపాయిటిన్ హార్మోన్‌ను కొద్ది మిల్లీగ్రాములు వేరుచేయగలిగారు. జన్యు ఇంజినీరింగ్‌తో తయారైన ఇంజెక్షన్‌కు 1989లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఇప్పుడు మన దేశంలోనూ కంపెనీలు దాన్ని తయారు చేస్తున్నాయి. తోడుగా సిరల ద్వారా ఐరన్ ఎక్కించాలి. డయాలసిస్ రోగుల్లో చాలామందికి ఐరన్ మాత్రలు సరిగా ఒంటబట్టవు.

అయితే దీనికి డబ్బు ఎలా కడతామన్నదే అసలు చిక్కు. అమెరికాలో ఇంజెక్షన్‌కు విడిగా బిల్లు వేసినంత కాలం మోతాదులు విచ్చలవిడిగా పెరిగాయి. హిమోగ్లోబిన్‌ను మరీ పెంచితే పక్షవాతం, గుండె జబ్బుల ముప్పు ఉందని పరిశోధనల్లో తేలాక, 2011లో మందును సెషన్‌కు ఇచ్చే ఒకే మొత్తంలో, అంటే ప్యాకేజీలో, కలిపేశారు. అప్పుడు వాడకం తగ్గింది, రక్తం ఎక్కించడం పెరిగింది. ప్యాకేజీలో కలిపితే కోత, విడిగా ఇస్తే అతి. ప్రైవేటు సంస్థల భాగస్వామ్యంతో (పీపీపీ పద్ధతిలో) కేంద్రాలు నడుపుతున్న మన రాష్ట్రాలు ఈ రెండు తప్పులూ చేయక్కర్లేదు.

మందు బయట కొనుక్కోమని చీటీ రాసివ్వడం అన్నిటికన్నా అన్యాయం. పది వేల పింఛనులోంచి అది కొనాలి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సిన ఇంజెక్షన్‌ను మే నెల ఎండలో సంచిలో మోసుకురావాలి. కేంద్రానికి చేరేసరికి అది పనిచేస్తుందన్న నమ్మకం ఏముంది? ఇదే రక్తహీనతకు వాడే, ఫ్రిజ్‌తో పనిలేని డెసిడుస్టాట్ మాత్రకు మన దేశంలో 2022లో అనుమతి వచ్చింది. కొందరికి అది పనికొస్తుందేమో, అది నెఫ్రాలజిస్టు తేల్చాలి.

ప్రభుత్వాలు ఇంజెక్షన్‌నూ ఐరన్‌నూ సెషన్‌తో పాటే కేంద్రంలోనే ఉచితంగా ఇప్పించాలి. ప్రతి రోగికీ నెలకోసారి హిమోగ్లోబిన్, మూడు నెలలకోసారి ఒంట్లో ఇనుము నిల్వ తెలిపే ఫెర్రిటిన్ పరీక్షలు చేయించాలి. హిమోగ్లోబిన్ 10 నుంచి 11.5 గ్రాముల మధ్య ఎందరున్నారు, అంతకన్నా కింద ఎందరు, పైన ఎందరు, ఎందరికి రక్తం ఎక్కించారు అన్నది కేంద్రాల వారీగా ప్రకటించాలి. కేంద్రాన్ని నడిపే సంస్థ బిల్లులో సెషన్ల సంఖ్య పక్కన ఈ అంకెలు లేకపోతే ఆ నెల చెల్లింపు ఆపేయాలి.